పేరు చివర అంకె పెరిగింది, మరి ఫోను? పాత, కొత్త వెర్షన్లను పోల్చి చూసే పద్ధతి

ఫోను కంపెనీలు ఏటా అదే పేరుకు ఒక అంకె పెంచి కొత్త మోడల్ దించుతాయి. షాపులో పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో నాలుగైదు వేలో పదివేలో తేడా. కొత్తదాంట్లో ఏం పెరిగిందో గోడమీది పోస్టరే చెబుతుంది. ఏం తగ్గిందో మాత్రం ఎవరూ చెప్పరు, అది మీరే వెతకాలి. ఒక ధర దాటకుండా ఫోను తయారుచేసేవాళ్లు ఒకచోట ఖర్చు పెంచితే ఇంకోచోట తగ్గించుకోక తప్పదు. అందుకే మధ్యతరగతి ధరల్లో వచ్చే కొత్త వెర్షన్లను గట్టిగా గాలిస్తే తగ్గినది ఒకటైనా దొరుకుతుంటుంది.

ఈ పనికి ఇంట్లో ఒక గంట, షాపులో అరగంట పడుతుంది. ఒక కాగితం, పెన్ను, కంపెనీ సైటులో రెండు ఫోన్ల వివరాల పేజీలు దగ్గర పెట్టుకోండి. షాపుకు వెళ్లేటప్పుడు మీ సిమ్, సిమ్ తీసే పిన్ను, టైప్-సి పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకెళ్లండి.

మొదటి పని: అసలు మోడల్ ఏదో తేల్చుకోవడం

సగం పోలికలు ఇక్కడే తప్పుతాయి. ఒకే పేరు కింద రెండు మూడు వేర్వేరు ఫోన్లు ఉంటాయి. 2022లో మన దేశంలో వచ్చిన రెడ్‌మీ నోట్ 11 ప్రోలో మీడియాటెక్ హీలియో జీ96 చిప్, 4జీ మాత్రమే. దాని పక్కనే అమ్మిన ప్రో ప్లస్‌లో స్నాప్‌డ్రాగన్ 695, 5జీ. పేరులో తేడా ఒక ప్లస్ గుర్తు, చివర 5జీ అన్న ముక్క, అంతే. కాబట్టి పేరు కాదు, మోడల్ నంబరు రాసుకోండి. అది డబ్బా మీద, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ దగ్గర కనిపిస్తుంది.

ఏ దేశం మోడలో కూడా చూడాలి. శాంసంగ్ గెలాక్సీ ఎస్23 అన్ని దేశాల్లోనూ స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2తోనే వచ్చింది. తర్వాతి ఎస్24కి వచ్చేసరికి అమెరికాలో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3, మన దగ్గర విడుదలప్పుడు ఎక్సినోస్ 2400. అమెరికా వీడియోలో చూసిన బ్యాటరీ లెక్కలు, గేమ్ వేగాలు హైదరాబాద్‌లో కొన్న ఫోనుకు వర్తించవు. ఏ రివ్యూ చూసినా అందులోని ఫోను భారత్ మోడలేనా అన్నది ముందు చూసుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలో, బంధువులో ఐఫోన్ తెస్తున్నారా? ఐఫోన్ 13 వరకు అక్కడి ఫోన్లలో సిమ్ ట్రే ఉండేది. 14 నుంచి అమెరికా మోడల్‌కు ట్రేనే లేదు, ఈసిమ్ (ఫోనులోనే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే. మన దగ్గర జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈసిమ్ ఇస్తాయి కాబట్టి ఫోను పనిచేస్తుంది. కానీ ఫోను పాడైన రోజు సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకునే వీలుండదు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే ఇది చిన్న విషయం కాదు.

రెండో పని: కాగితం మీద గీతలు, కొట్టివేతలు

కాగితాన్ని మూడు నిలువు గడులు చేయండి. మొదటి గడిలో అంశం, రెండో గడిలో పాత ఫోను, మూడో గడిలో కొత్తది. అంశాలు ఇవి: చిప్, ర్యామ్, స్టోరేజీ రకం, స్క్రీన్ రకం, రిఫ్రెష్ రేటు (స్క్రీన్ మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో), వెలుతురు, ప్రధాన కెమెరా సెన్సర్, ఓఐఎస్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు), అల్ట్రావైడ్ (వెడల్పుగా తీసే కెమెరా), గరిష్ఠ వీడియో, ముందు కెమెరా, బ్యాటరీ, ఛార్జింగ్ వాట్లు, డబ్బాలో ఛార్జర్, ఇయర్‌ఫోన్ జాక్, మెమరీ కార్డు, నీటి రక్షణ, 5జీ బ్యాండ్లు, బరువు, విడుదలైన నెల, అప్‌డేట్ల హామీ.

రెండు గడులూ నింపాక, రెండింటిలో సమానంగా ఉన్న వరసలన్నీ అడ్డంగా కొట్టేయండి. ఈ ఒక్క పనితో పోస్టరు మీది హడావుడి ముప్పాతిక వంతు ఎగిరిపోతుంది.

గెలాక్సీ ఏ52ఎస్ 5జీ (2021 సెప్టెంబరు), ఏ53 5జీ (2022 మార్చి) తీసుకుని చేసి చూద్దాం. రెండింటికీ 6.5 అంగుళాల 120 హెర్ట్జ్ అమోలెడ్ స్క్రీన్, కొట్టేయండి. వెనక 64, 12, 5, 5 మెగాపిక్సెళ్లు, ముందు 32, కెమెరా వరసలన్నీ కొట్టేయండి. 25 వాట్ల ఛార్జింగ్, ఐపీ67 నీటి రక్షణ కూడా సమానమే. ఇక మిగిలిన ముఖ్యమైన వరసలు ఐదు. బ్యాటరీ 4,500 నుంచి 5,000 ఎంఏహెచ్‌కు పెరిగింది. అప్‌డేట్ల హామీ పెరిగింది. ఇయర్‌ఫోన్ జాక్ పోయింది. డబ్బాలోంచి ఛార్జర్ పోయింది. చిప్ మారింది.

ఆ చిప్ దగ్గరే అసలు కథ ఉంది. ఏ52ఎస్‌లోని స్నాప్‌డ్రాగన్ 778జీ 6 నానోమీటర్లది, ఏ53లోని ఎక్సినోస్ 1280 5 నానోమీటర్లది. అంకె చిన్నదైతే కొత్త టెక్నాలజీ, కాబట్టి కొత్తదే మెరుగు అని షాపులో చెబుతారు. చిప్ లోపల లెక్కలు చేసే భాగాలను కోర్లు అంటారు. లోపల చూస్తే 778జీలో బరువు పనులు చేసే ఏ78 అనే పెద్ద కోర్లు నాలుగు, ఎక్సినోస్ 1280లో రెండే. మిగతా ఆరూ చిన్నవి. చిన్న కోర్లు వాట్సాప్‌కు, పాటలకు సరిపోతాయి. గేములు, ఫొటో ఎడిటింగ్, ఒకేసారి నాలుగు యాప్‌లు అన్నప్పుడు పెద్ద కోర్లే లాగాలి. ఆ పనుల్లో పాత ఫోనే ముందుంటుంది.

మూడో పని: చిప్ వరసను విప్పి చూడటం

చిప్ పేరులోని అంకె ఎంతన్నది పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేయండి. అసలు చిప్ మారిందా? పెద్ద కోర్లు ఎన్ని? ఆ చిప్ చేయలేని పని ఏమైనా ఉందా?

చిప్ మారకుండానే ఫోను పేరు మారిన సందర్భాలు కావలసినన్ని. వన్‌ప్లస్ నార్డ్ సీఈ 2 లైట్ (2022), సీఈ 3 లైట్ (2023) రెండింటిలోనూ స్నాప్‌డ్రాగన్ 695యే. కెమెరా 64 నుంచి 108 మెగాపిక్సెళ్లు, ఛార్జింగ్ 33 నుంచి 67 వాట్లు అయ్యాయి. ఫోను వేగం కోసం మారాలనుకునేవాళ్లకు అక్కడ ఏమీ లేదు, రోజూ హడావుడిగా ఛార్జింగ్ పెట్టుకుని పరుగెత్తేవాళ్లకు ఉంది. ఐఫోన్ 13, 14 రెండింటిలోనూ ఏ15 బయానిక్ చిప్పే. 14లో గ్రాఫిక్స్ కోర్లు నాలుగు నుంచి ఐదయ్యాయి, ముందు కెమెరాకు ఆటోఫోకస్ వచ్చింది. సెల్ఫీ వీడియోలు తీసే వృత్తిలో లేకపోతే ఆ తేడా చేతికి తెలియదు.

మూడో ప్రశ్న చాలామంది అడగరు. రెడ్‌మీ నోట్ 10 ప్రోలో 4కే వీడియో తీయవచ్చు. దాని తర్వాతి నోట్ 11 ప్రోలో మెగాపిక్సెళ్లు 64 నుంచి 108కి, ఛార్జింగ్ 33 నుంచి 67 వాట్లకు పెరిగినా వీడియో 4కే కంటే స్పష్టత తక్కువైన 1080పీ దగ్గరే ఆగిపోతుంది. కారణం కెమెరా కాదు, హీలియో జీ96 చిప్ 4కే రికార్డింగ్‌ను మోయలేదు. పెళ్లి వీడియోలు ఫోనులోనే తీసే కుటుంబానికి ఇది దెబ్బే. డబ్బా మీద ఈ మాట ఎక్కడా ఉండదు, చిప్ తయారీదారు పేజీలో ఉంటుంది.

ర్యామ్, స్టోరేజీ

“8 + 8 జీబీ ర్యామ్” అని రాసి ఉంటే మొదటి 8 మాత్రమే లెక్కలోకి తీసుకోండి. రెండో 8 స్టోరేజీలోంచి అరువు తెచ్చుకునేది, అసలు ర్యామ్ కంటే చాలా నెమ్మది.

స్టోరేజీలో జీబీలతోపాటు రకం చూడాలి. ఈఎంఎంసీ 5.1 అనే నెమ్మది రకం సెకనుకు సుమారు 250-300 ఎంబీ చదువుతుంది, యూఎఫ్‌ఎస్ 2.2 అనే వేగమైన రకం సుమారు 1,000 ఎంబీ. రెండేళ్లు గడిచి, ఫొటోలతో నిండాక నత్తలా నడిచే చవక ఫోన్లలో తరచూ దొరికే కారణం ఈఎంఎంసీయే. కొత్త వెర్షన్‌లో 64 బదులు 128 జీబీ ఇచ్చారంటే సంతోషమే, యూఎఫ్‌ఎస్ తీసి ఈఎంఎంసీ పెట్టలేదు కదా అన్నది చూసుకోండి. ఒకే మోడల్‌లోనూ తేడా ఉండవచ్చు: గెలాక్సీ ఎస్23లో 128 జీబీది యూఎఫ్‌ఎస్ 3.1, 256 జీబీది యూఎఫ్‌ఎస్ 4.0. మెమరీ కార్డు స్లాటు తీసేశారేమో కూడా గమనించండి. అదే జరిగితే కొత్తదాంట్లో ఒక మెట్టు పెద్ద స్టోరేజీ కొనాల్సి వస్తుంది, ఆ డబ్బు ధరలో కలుపుకోవాలి.

స్క్రీన్

కాగితం మీద తేలేది తక్కువ, ఎండలో తేలేది ఎక్కువ. కంపెనీ చెప్పే గరిష్ఠ నిట్స్ (వెలుతురు కొలత) చాలాసార్లు స్క్రీన్‌లో చిన్న ముక్క మీద, హెచ్‌డీఆర్ వీడియో ఆడేటప్పుడు వచ్చేది. పోల్చాల్సింది హై బ్రైట్‌నెస్ మోడ్ అంకె, అంటే ఎండలో స్క్రీన్ మొత్తం ఇచ్చే వెలుతురు. ఒక ఫోనుకు ఒకటి, రెండో ఫోనుకు ఇంకొకటి పెట్టి పోలిస్తే లెక్క తప్పుతుంది. రెండింటికీ అదే కొలత ఉండాలి.

120 హెర్ట్జ్ అని ఉన్నా డెమో ఫోను 60 మీద ఉండవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెండూ ఒకే రేటు మీద ఉన్నాయో లేదో చూసి అప్పుడు వేలితో జరపండి. ఎల్‌సీడీ 120 అయినంత మాత్రాన అమోలెడ్ 90 కంటే మేలు అనుకోవద్దు. రాత్రి చీకట్లో సినిమా చూసేవాళ్లకు ఎల్‌సీడీలోని నలుపు బూడిదగా కనిపిస్తుంది.

కెమెరా: ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోండి

మెగాపిక్సెళ్లు చూసి కొనేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. 108 మెగాపిక్సెళ్ల సెన్సర్ మామూలుగా తొమ్మిది పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. 64 అయితే నాలుగేసి కలిపి 16, 50 అయితే 12.5. అంటే చేతికొచ్చే ఫొటోలు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. వెలుతురు ఎంత పడుతుందన్నది సెన్సర్ పరిమాణం తేలుస్తుంది. అది 1/1.5, 1/2.7 అంగుళం అని భిన్నంలో రాస్తారు, కింది అంకె చిన్నదైతే సెన్సర్ పెద్దది.

నోట్ 11 ప్రో 108 మెగాపిక్సెళ్లు, నోట్ 12 ప్రో 50. అంకె సగానికి పడిపోయిందని చూస్తే వెనకడుగు వేయాలనిపిస్తుంది. సెన్సర్లు చూడండి: మొదటిది 1/1.52, రెండోది సోనీ ఐఎంఎక్స్766, 1/1.56. ఇంచుమించు సమానం. పైగా 12 ప్రోలో ఓఐఎస్ వచ్చింది. ఓఐఎస్ అంటే చేయి వణికినా లెన్స్ ఎదురు కదిలి సర్దుకోవడం. దానివల్ల సాయంత్రం వేళ షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచినా ఫొటో చెదరదు. అంకె తగ్గింది, పనితనం పెరిగింది.

2 మెగాపిక్సెళ్ల మాక్రో, డెప్త్ కెమెరాలను లెక్కపెట్టకండి. అవి వెనక వైపు కళ్లు నింపడానికే. కొత్త వెర్షన్‌లో నాలుగు కెమెరాలు మూడయ్యాయంటే పోయింది ఏదో చూడండి. డెప్త్ పోతే బాధ లేదు. అల్ట్రావైడ్ పోతే ఇరుకు గదిలో పదిమందిని ఫ్రేములో పట్టించలేరు.

షాపులో ఇలా చేయండి. ముందుగా రెండు ఫోన్ల లెన్సులూ మెత్తటి గుడ్డతో తుడవండి. డెమో ఫోన్ల లెన్సుల మీద వందమంది వేలిముద్రలుంటాయి, అవే ఫొటో మసకకు పెద్ద కారణం. బ్యూటీ మోడ్ రెండింటిలోనూ ఆపండి. తర్వాత ఒకేచోట నిలబడి నాలుగు ఫొటోలు: ట్యూబ్‌లైటు కింద ఒక ముఖం, తలుపు వైపు వెలుతురుకు ఎదురుగా నిలబడ్డ మనిషి, ఆరడుగుల దూరంలో ఉన్న డబ్బా మీద చిన్న అక్షరాలు, బల్ల కింద చీకటి మూల. ఒక్కోటి మూడేసి సార్లు తీయండి, ఒక్క ఫొటో అదృష్టం మీద ఆధారపడకూడదు. తర్వాత ముప్పై సెకన్లు నడుస్తూ వీడియో తీసి, మధ్యలో జూమ్ మార్చండి. లెన్స్ మారేచోట రంగు తేడా పడితే అది సాఫ్ట్‌వేర్ ఇంకా పక్వానికి రాలేదన్నట్టు.

ఆ ఫొటోలను వాట్సాప్‌లో పంపుకోకండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను నలిపి చిన్నది చేస్తుంది, రెండు ఫోన్లదీ ఒకేలా కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఇంట్లో కంప్యూటర్ మీద ఒకే సైజుకు పెంచి చూడండి. చెంపల చర్మం, జుట్టు పోగులు, చీర అంచు నేత, ఈ మూడు చోట్లా తేడా బయటపడుతుంది.

బ్యాటరీ, ఛార్జింగ్

కొత్తదైతే బ్యాటరీ పెద్దదే ఉంటుందన్న నమ్మకం వద్దు. గెలాక్సీ ఎస్21కి 4,000 ఎంఏహెచ్, ఎస్22కి 3,700. ఫోను కాస్త చిన్నదయింది, బ్యాటరీ దానితోపాటు చిక్కింది.

వాట్లు పోల్చేటప్పుడు ఒక చిక్కుంది. 67 వాట్లు అని రాసింది ఆ కంపెనీ సొంత ఛార్జర్, సొంత కేబుల్‌తోనే. ఇంట్లో ఉన్న వేరే కంపెనీ ఛార్జర్ పెడితే వేగం చాలా పడిపోతుంది. శాంసంగ్ 25 వాట్లకు పీపీఎస్ (ఫోను అడిగినట్టు వోల్టేజీ మార్చే పద్ధతి) ఉన్న టైప్-సి ఛార్జర్ కావాలి. పాతకాలపు వెడల్పు యూఎస్‌బీ (టైప్-ఏ) ఛార్జర్‌తో 15 వాట్లు దాటదు. డబ్బాలో ఛార్జర్ లేని ఫోను ధరకు ఛార్జర్ ధర కలిపి రాయండి. ఆ వరసలో కొత్త ఫోను ఒక్కసారిగా ఖరీదైపోవడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

నెట్‌వర్క్

5జీ ఉందా అన్నది చాలదు, ఏ బ్యాండ్లు (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు) అన్నది చూడాలి. జియో, ఎయిర్‌టెల్ రెండూ ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ పేరు ఎన్78. జియో 700 మెగాహెర్ట్జ్ కూడా వాడుతుంది, అది ఎన్28. తక్కువ ఫ్రీక్వెన్సీ గోడలు దాటి లోపలి గదుల్లోకి, ఊరి చివరికి వస్తుంది. తొలినాళ్ల 5జీ ఫోన్లు కొన్ని ఎన్78 ఒక్కదాంతోనే వచ్చాయి. పాత వెర్షన్ అలాంటిదై, కొత్తదాంట్లో ఎన్28 ఉంటే జియో వాడేవాళ్లు కొత్తదానికి మొగ్గవచ్చు. జియో 5జీకి ఎస్ఏ (4జీ ఆసరా లేకుండా నడిచే 5జీ) సపోర్టు కూడా తప్పనిసరి. కుదిరితే మీ సిమ్ డెమో ఫోనులో వేసి షాపు లోపలి మూల నుంచి ఒక కాల్ చేయండి, అవతలివాళ్లకు మీ గొంతు ఎలా వినిపిస్తోందో అడగండి.

రేడియేషన్ గురించి భయమున్నవాళ్లు *#07# నొక్కితే ఎస్ఏఆర్ (ఒంట్లోకి చేరే రేడియో శక్తి కొలత) కనిపిస్తుంది. మన దేశంలో పరిమితి కిలోకు 1.6 వాట్లు.

అప్‌డేట్ల లెక్క, డబ్బు లెక్క

కంపెనీ ఇచ్చే అప్‌డేట్ల గడువు సాధారణంగా ఫోను విడుదలైన రోజు నుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఏ52ఎస్‌కు మూడు ఆండ్రాయిడ్ వెర్షన్లు, నాలుగేళ్ల భద్రత అప్‌డేట్లు. ఏ53కి నాలుగు వెర్షన్లు, ఐదేళ్లు. విడుదల మధ్య ఆరు నెలల తేడాయే అయినా గడువు తీరేది 2025 సెప్టెంబరులో ఒకటి, 2027 మార్చిలో ఒకటి. ఎస్23కి ఐదేళ్లయితే ఎస్24కి ఏడేళ్లు. బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌ను ఒక్కొక్కటిగా వదిలేస్తాయి కాబట్టి ఈ వరసను పక్కన పెట్టలేం.

ఇప్పుడు భాగహారం చేయండి. పాతది 18,000, ఇంకా రెండేళ్ల అప్‌డేట్లు మిగిలాయనుకుందాం. కొత్తది 24,000, నాలుగేళ్లు. పాతది ఏడాదికి 9,000 పడింది, కొత్తది 6,000. షాపులో చవకగా కనిపించింది ఇంట్లో ఖరీదైంది. ఫోనును ఏడాదిన్నరకే మార్చేసేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు పాతదే కొనుక్కోవడం మంచిది.

ధర పడే సమయం కూడా చూసుకోవాలి. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 79,900కి రాగానే ఐఫోన్ 14 ధర 69,900కి తగ్గింది. ముందు వారం కొన్నవాళ్లు పదివేలు ఎక్కువ పెట్టారు. ఆ పదివేల తేడాకు 15లో ఏం వచ్చిందో కాగితం మీద పెడితే: 12 బదులు 48 మెగాపిక్సెళ్ల ప్రధాన కెమెరా, ఏ15 బదులు ఏ16, ఆరుబయట 2,000 నిట్స్ వరకు వెలుతురు, టైప్-సి పోర్టు. స్క్రీన్ మాత్రం 60 హెర్ట్జే. పోర్టు మారినా డేటా వేగం పాత యూఎస్‌బీ 2దే. అయినా 13 నుంచి 14కు వచ్చిన మార్పు కంటే ఇది ఎన్నో రెట్లు. ఇలాంటి ఏడాది కొత్తది కొనడంలో తప్పు లేదు.

కొనేటప్పుడు

పాత వెర్షనే తీసుకుంటున్నట్లయితే డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. ఏడాది దాటి గోదాములో పడున్న ఫోను బ్యాటరీ వాడకుండానే కొంత వయసు పోసుకుని ఉంటుంది. ఇద్దరు ముగ్గురు డీలర్లను అడిగితే దగ్గరి నెలది దొరుకుతుంది. సీలు మీ ఎదుటే తీయించి, *#06# నొక్కి వచ్చిన ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) డబ్బా మీదిదీ బిల్లు మీదిదీ ఒకటేనా సరిచూడండి. కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఫోను వివరాలు వస్తాయి. కంపెనీ సైటులో అదే నంబరుతో వారంటీ ఎప్పుడు మొదలైందో చూడవచ్చు. సీలు ఈరోజే తీసినా వారంటీ నాలుగు నెలల కిందటే మొదలై ఉంటే ఆ పీసు వద్దనండి.

బిల్లులో జీఎస్టీ 18 శాతం కలిసిన ధరే రెండు షాపుల మధ్య పోల్చండి. ఎక్స్ఛేంజ్‌కు పాత ఫోను ఇస్తుంటే, ముందు అందులోంచి గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాతే రీసెట్ కొట్టండి. ఖాతా తీయకుండా రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే ఫోను మళ్లీ మీ పాస్‌వర్డే అడుగుతుంది, ఎక్స్ఛేంజ్ అక్కడే ఆగిపోతుంది.